రెండు చుట్లు వదులు

ఆ తీరంలో సరదాకి చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు ఒకటుంది. క్లబ్బంటే ఏదేదో ఊహించుకోకండి. రేకుల కప్పు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, చల్లబడీ చల్లబడని ఒక ఫ్రిజ్జు, గోడకి నల్లరంగు వేసిన కొయ్యబోర్డు, అంతే. కాని ఆ బోర్డెక్కడం కోసం మనుషులు ఆఫీసులకు సెలవులు పెట్టి, పెళ్ళాలకు అబద్ధాలు చెప్పి, ఎండలో మాడి మసైపోతుంటారు. మీటరుకు తగ్గని పార చేపను పట్టి, టేపుతో కొలిచి, ప్రాణంతో మళ్ళీ నీళ్ళలో వదిలినవాడి పేరే దాని మీదకెక్కుతుంది. పార అల్లాటప్పా చేప కాదు. నీళ్ళలో మునిగిన రాతిగుట్టల అంచున తిరుగుతూ నోట్లో పట్టిన ప్రతి ప్రాణినీ మింగే రౌడీ. గాలం తగిలిందంటే తిన్నగా గుట్టల్లోకి దూరి దారాన్ని రాతికేసి కోసేస్తుంది. ముప్ఫై ఏళ్ళలో బోర్డెక్కిన పేర్లు నలభై ఒకటే.

ఆ నలభై ఒక్క పేర్లూ రాసిన చెయ్యి ఒక్కటే. అది దుకాణాలకూ లారీలకూ పడవలకూ పేర్లు రాసే పెయింటరు చెయ్యి. పెద్ద చేప పడిందని కబురు రాగానే కుంచె, పసుపురంగు డబ్బా పట్టుకుని వచ్చి, నిచ్చెనెక్కి, ముత్యాల్లాంటి అక్షరాలు రాసి దిగేవాడు. తనూ ముప్ఫై ఏళ్ళుగా గాలం వేస్తున్నవాడే. ఆయనకు పడిన అతి పెద్ద పార తొంభై నాలుగు సెంటీమీటర్లు.

"తోక కాస్త సాగదీసుంటే సరిపోయేది కదా బావా," అని పడవ నడిపే సరంగు ఏడిపించేవాడు.

"నిన్ను చిన్నప్పుడు సాగదీసుండాల్సింది, ఓ మనిషంత అయ్యేవాడివి," అని బావ అంటించేవాడు.

సరంగు పెయింటరు భార్యకు తమ్ముడు. పొట్టివాడు. ఇలాంటి సరదారాయుళ్ళను పడవలో గుట్టల దగ్గరికి తీసుకెళ్ళి తీసుకురావడమే అతని బతుకుతెరువు. ఏ పోటుకు ఏ గుట్ట పక్కన పార తిరుగుతుందో అతనికి కొట్టినపిండి. బావను ఎన్నిసార్లు తీసుకెళ్ళాడో అతనికే గుర్తులేదు.

నిరుడు వేసవిలో బావ కుడిచేతి బొటనవేలు చెప్పిన మాట వినడం మానేసింది. ముందు కుంచె జారింది. తర్వాత చొక్కా గుండీ పట్టు దొరకలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆయన చేతులు తిప్పి చూసి, సూదులు గుచ్చి చూసి, మందులేమీ రాయకుండా పంపించాడు. మందులక్కర్లేదంటే పెద్ద జబ్బు కాదన్నమాటేగా అని అక్క వరండాలోకొచ్చి సంబరపడింది. మెట్లు దిగుతూ బావ, బావమరిది ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాళ్ళిద్దరికీ డాక్టరు విడిగా చెప్పాడు: నరాల జబ్బు, తగ్గేది కాదు, ఏడాది తిరిగేసరికి ఆ చేతులు మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టవు.

ఆ ఏడాదిలో ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఎడమచెయ్యి కూడా కుడిచేతి దారే పట్టింది. ఏమీ లేదని ఎన్నాళ్ళు బుకాయిస్తారు, అక్కకూ తెలిసిపోయింది. అప్పుడు బావకు పంతం పుట్టింది.

"ఈ చెయ్యి కుంచె పట్టినన్నాళ్ళే నాకు అవకాశం. ఆ బోర్డు మీద నా పేరు నేనే రాసుకోవాలిరా," అన్నాడు. "వేరేవాడు రాస్తే నేనొప్పుకోను. ఊళ్ళో అందరివీ కోడి గెలికినట్టుండే రాతలే."

"ముందు చేప ఒప్పుకోవాలి కదా," అన్నాడు సరంగు.

క్లబ్బు నియమం మహా కఠినం. చేప తగిలింది మొదలు రాడ్డు మీద గాని, రీలు మీద గాని, దారం మీద గాని పట్టేవాడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. పడితే ఆ చేప పట్టినట్టు కాదు. గాలానికి ముందు రెండు బారల మందపాటి దారం ఉంటుంది, దాన్ని సన్నదారానికి కలుపుతూ ఒక ముడి. ఆ ముడి నీళ్ళపైకి వచ్చాక మాత్రమే సరంగు మందపుదారాన్ని అందుకోవచ్చు. అప్పటిదాకా ఎంతటి మొనగాడైనా చేతులు కట్టుకుని చూడాల్సిందే. పడవలో ఉండేది మనమిద్దరమే, ఎవరు చూడొచ్చారు అని సరంగు ఒకసారి నసిగాడు.

"నేను చూస్తా కదరా," అన్నాడు బావ.

ఆ మాటతో సరంగు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం అతను అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ పెరట్లో రీలుకు బ్రేకు సరిచేసుకుంటున్నాడు. రీలు నెత్తిన గుండ్రటి మర ఒకటుంటుంది. అది బిగిస్తే చేప లాగినా దారం అంత తేలిగ్గా ఊడదు, వదులు చేస్తే సర్రున ఊడిపోతుంది. మరీ బిగిస్తే దారం పుటుక్కుమంటుంది, మరీ వదిలితే చేప గుట్టల్లోకి పోతుంది. ఎంతుండాలో తెలుసుకోవడానికి అందరూ స్ప్రింగు త్రాసు వాడతారు. బావ పద్ధతి వేరు. నిండు పెయింటు డబ్బాకు దారం కట్టి రాడ్డుతో ఎత్తుతాడు. డబ్బా నేల వదిలి లేచి, కాస్త ఆగి, మెల్లగా కిందికి దిగాలి. అప్పుడే బ్రేకు సరిగ్గా ఉన్నట్టు.

ఆ సాయంత్రం మరను పట్టకారుతో బిగించాడు. ఎడమ మణికట్టును రాడ్డుకు గుడ్డపీలికతో కట్టేసుకున్నాడు, పట్టు జారకుండా. రీలు తిప్పే పిడికి అంతకుముందే పాత తలుపు గుబ్బ ఒకటి బిగించి పెట్టాడు, వేళ్ళు సాయపడకపోయినా అరచేత్తో తిప్పొచ్చని. రాడ్డు ఎత్తాడు. డబ్బా లేచింది. బావ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కట్టేసిన చెయ్యి డబ్బా బరువుకి ముందుకి సాగిపోయింది. సరంగు వెళ్ళి లేవదీసేలోగా తనే లేచి మట్టి దులుపుకుని, "సరిగ్గా ఉంది," అన్నాడు.

అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"చూశావా? డబ్బా లాగితేనే పడ్డారు. ఆ చేప లాగితే ఏంటి? చెయ్యి కట్టేసుకున్నారు, వదిలేద్దామన్నా వదల్లేరు. నీళ్ళలోకి ఈడ్చుకుపోతుంది."

"లైఫ్ జాకెట్ వేస్తానక్కా. కత్తి చేతి దగ్గరే పెట్టుకుంటా, పీలిక కోసేస్తా."

"నువ్వు కోసేలోపు? వద్దంటే వినరు. ఆయనకి తెలియకుండా నువ్వే ఏదో ఒకటి చెయ్యరా తమ్ముడూ."

అక్క జీవితంలో తమ్ముణ్ణి ఏదీ అడిగిన మనిషి కాదు, పెట్టడమే తప్ప. అతను సరేనన్నాడు.

మర్నాడు తెల్లవారగానే రేవులో బావ చెప్పుల్లోంచి రబ్బరు బూట్లలోకి మారడానికి అరుగు మీద కూర్చున్నాడు. అది ఇప్పుడాయనకు పావుగంట పని. సాయం చేస్తానంటే కసురుకుంటాడు. ఆ పావుగంటలో సరంగు పడవలోకి దిగి, ఎండ తగలకుండా గుడ్డ కప్పుతున్నట్టు వంగి, రీలు మరను రెండు చుట్లు వదులు చేశాడు. అరుగు వైపు ఓసారి చూసి గుడ్డ కప్పేశాడు. ఇంత వదులుంటే పెద్ద చేప తగిలినా మనిషిని లాగదు, దారం ఊడిపోతుంది. మనిషి దక్కుతాడు. చేప సంగతి తర్వాత చూసుకోవచ్చు, పడవతో మేనేజ్ చెయ్యొచ్చు అనుకున్నాడు. ఎందరో చేతకానివాళ్ళ చేత పడవ నడిపే నేర్పుతోనే చేపలు పట్టించిన ధీమా అది.

పడవెక్కగానే దారం ఒకసారి చేత్తో లాగి చూసుకోవడం బావకు అలవాటు. ఆ రోజూ దారాన్ని మణికట్టుకు చుట్టుకుని లాగాడు. టోపీ సర్దుకుని ముందుకెళ్ళి కూర్చున్నాడు. చేతులకు బిగువు తెలియడం కూడా పోయిందేమో పాపం అనుకుని సరంగు ఇంజను స్టార్ట్ చేశాడు.

రెండు గుట్టల మధ్య ఒక సందు ఉంది. పోటు తిరిగే వేళ చిన్నచేపలు ఆ సందులోంచి గుంపుగా బయటికొస్తాయి, వాటికోసం పారలు కాచుకుని ఉంటాయి. దారిపొడవునా బావ సరంగుకు వీపు తిప్పి, రాడ్డు ఒళ్ళో పెట్టుకుని ఏదో సర్దుకుంటూనే ఉన్నాడు. సందు దగ్గర సరంగు బతికున్న చేపను గాలానికి గుచ్చి ఇచ్చాడు. ఆ మాత్రం సాయానికి నియమం అడ్డురాదు. బావ దాన్ని నీళ్ళలో వదిలాడు. తోలు బెల్టు గిన్నెలో రాడ్డు మొదలు ఆనించి, పీలికతో ఎడమచెయ్యి కట్టించుకుని కూర్చున్నాడు.

"నా పేరులో నాలుగో అక్షరం దగ్గర చోటు చాలదురా," అన్నాడు కాసేపయ్యాక. "ఆ నలభై ఒకటో పెద్దమనిషి ఇంటిపేరంతా రాయించుకుని సగం బోర్డు మింగేశాడు."

"చెరిపేద్దామా?"

"చెరిపితే ఊరుకుంటాడా? చేప కన్నా మొండోడు."

ఎండ చురుక్కుమనే వేళకి దారం కదిలింది. ముందు ఎర చేప బెదిరిపోయి నాలుగువైపులా కొట్టుకుంది. మరుక్షణం నీళ్ళు గుంటపడ్డట్టయి రాడ్డు కొన నీళ్ళకేసి వంగింది. రీలు కీచుమంటూ దారం వదిలేసింది. బావ పడలేదు. తూలనైనా తూలలేదు. కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నాడు. దేవుడా, నేను చేసిందే మంచిదయింది అనుకున్నాడు సరంగు. ఆ సంతోషం పది సెకన్లు కూడా నిలవలేదు. దారం ఊడుతూనే ఉంది.

"బావా, బ్రేకు కొంచెం బిగించు." ఎవరికైనా చెప్పే మాటే అది. మామూలుగా చెప్పినట్టే చెప్పాడు.

బావ కుడిచేతిని మర మీద పెట్టాడు. వేళ్ళు దాని చుట్టూ తడుముకున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బిగించే ఉంది," అన్నాడు.

లేదు బావా, వదులుగా ఉంది, వదులు చేసింది నేనే అని ఎలా చెప్పడం? చెప్పినా బిగించేదెవరు? తను చెయ్యి వేస్తే చేప పట్టినట్టు కాదు. అదృష్టవశాత్తు చేప గుట్టలవైపు కాక లోతుకేసి పరుగెత్తింది. సరంగు పడవను దాని వెనకే పోనిచ్చాడు. పడవ ముందుకెళ్ళిన కొద్దీ దారం వదులవుతుంటే బావ తలుపు గుబ్బను అరచేత్తో తిప్పుతూ చుట్టుకున్నాడు. చేప లాగితే ఆగడం, అది అలిసి ఆగితే తిప్పడం. చెమట మెడ మీద నుంచి కారిపోతోంది. దవడలు బిగుసుకున్నాయి. అంత బతికున్న మొహంతో బావను చూసి సరంగుకు ఎన్నాళ్ళయిందో.

ఇరవై నిమిషాలకు చేప పైకి తేలింది. కిటికీ రెక్కంత వెండిరంగు డొక్క ఒకటి తిరగబడి మళ్ళీ మునిగింది. నలభై ఒక్క చేపల్లో సగానికి పైగా తన పడవ పక్కనే కొలిచినవాడు సరంగు. దీన్ని కొలవక్కర్లేదు. మీటరూ పాతిక ఉంటుంది.

"ఎంతుంటుంది?" అన్నాడు బావ.

"తోక సాగదీయక్కర్లేదు."

బావ నవ్వలేదు. తిప్పుతున్నాడు. ఒక చుట్టు, ఊపిరి, మరో చుట్టు. సరంగు ఇంజను న్యూట్రల్లో పెట్టి పడవ అంచుకు పొట్ట ఆనించి నీళ్ళమీదికి వంగాడు. లోపల ముడి కనిపించింది. పైకొస్తోంది. మూరెడు లోతు, జానెడు లోతు. నీళ్ళపైకి ఒక్కసారి వచ్చిందంటే మందపుదారం తన చేతిలోకొస్తుంది, ఇక ఆ చేప ఎక్కడికీ పోలేదు. చెయ్యి చాపి ఉంచాడు. వేళ్ళకు నీళ్ళు తగులుతున్నాయి.

బెత్తెడు లోతులో ముడి ఆగిపోయింది. బావ అరచెయ్యి గుబ్బ మీద నొక్కుతోంది గాని గుబ్బ తిరగడం లేదు. రాడ్డు వణుకుతోంది.

"ఒక్క చుట్టు బావా. ఒక్కటి."

"తిప్పుతున్నాన్రా."

సరంగు చెయ్యి దానంతటదే నీళ్ళలోకి దిగింది. ముడికి ఇవతల సన్నదారం చూపుడువేలికి దాదాపు ఆనింది. అతను తలెత్తాడు. బావ అతని చేతినే చూస్తున్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. సరంగు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు చేప పడవను చూసింది. చూసి, నిట్టనిలువునా కిందికి దూకింది. ఇంతసేపటి పెనుగులాటలో పడవ పోటుకు కొట్టుకొచ్చి గుట్ట మీదికొచ్చేసిన సంగతి సరంగు అప్పుడే గమనించాడు. ఇంజను అందుకుని లోతుకేసి లాగాడు. పడవ ఎంత లాగితే అంత దారం ఊడివస్తోంది, చేప మాత్రం అంగుళం కదలడం లేదు. బ్రేకు బావ బిగించినట్టే ఉండి ఉంటే పడవతో పాటు అదీ వచ్చేది. బావ వట్టి అరచేతిని తిరిగే రీలుకు అదిమి పెట్టాడు. చర్మం కమిలిన వాసనొచ్చింది. అదిమే బలం ఆ చేతిలో లేదు.

"వదలకు బావా," అని అరిచాడు సరంగు. అనడానికి అతని దగ్గర ఇంకేం మిగల్లేదు. పక్కనే నిలబడి, రెండు చేతులూ ఉండి, ఆ చేతులతో ఏమీ చెయ్యలేక చూస్తూ ఉండిపోయాడు.

రాడ్డు టక్కున నిటారుగా లేచింది. రాతికి తెగిన దారం గాల్లో తేలింది.

పడవ రేవుదారి పట్టింది. సరంగు పీలిక విప్పి, కాలిన అరచేతిని మంచినీళ్ళతో కడిగి, తుడిచాడు. బావ అడ్డుచెప్పలేదు.

"చేతుల్లో ఏం లేదురా," అన్నాడు చివరికి. "గాలం బాగానే దిగింది. పడవ నువ్వు బాగానే తిప్పావు. నా చేతులే."

చెప్పకపోతే ఈ మనిషి ఇక బతికినన్నాళ్ళూ తన చేతుల్ని తిట్టుకుంటాడు. చెప్తే కట్టుకున్న భార్యా, బావమరిదీ ఆ చేతుల మీద ముందే ఆశ వదులుకున్నారని తెలుస్తుంది. ఏది తక్కువ అన్యాయమో సరంగు తేల్చుకోలేకపోయాడు. ఇంజను ఆపేశాడు.

"నీ చేతులు కాదు బావా. పొద్దున మర నేనే వదులు చేశా. రెండు చుట్లు."

"తెలుసు," అన్నాడు బావ.

పడవ అలల మీద ఊరికే ఊగుతోంది.

"లాగి చూశా కదా. నా డబ్బా లెక్క నాకు తెలియదా? సందు దగ్గరికెళ్ళేలోపు నీకు కనబడకుండా బిగిద్దామని చూశా. అన్ని వేళ్ళతోనూ చూశా. పళ్ళతో కూడా పట్టి చూశా. తిరగలేదు. పడవలో ఉన్న ఒక్క పట్టకారూ నీ నడుముకే ఉంది."

"అడగొచ్చు కదా బావా."

"అడిగితే, మర తిప్పలేనోడికి చేపెందుకని పడవ వెనక్కి తిప్పుతావేమోనని."

తిప్పేవాణ్ణి కాదని చెప్పబోయాడు సరంగు. కాని తిప్పేవాడే.

"మీ అక్క చెప్పిందా?" అన్నాడు బావ.

సరంగు వంగి విప్పిన పీలికను ఉండ చుట్టాడు.

"సరే. చేప తగిలిందని దానికి చెప్పకు. అసలేం పడలేదని చెప్పు. తన వల్ల పోయిందని తెలిస్తే కుమిలిపోతుంది. ఇకముందు నాకు అన్నం ముద్దలు పెట్టాల్సింది, గుండీలు పెట్టాల్సింది అదే. దాని మనసు బాగుండాలి."

రేవులో అక్క గొడుగేసుకుని నిలబడి ఉంది. పడవ దగ్గరికొచ్చే కొద్దీ మెడ సాచి చూస్తోంది. బావ టోపీ తీసి కాలిన అరచేతి మీద పెట్టుకున్నాడు. సరంగు ముందు దూకి, ఆయన్ని నడుం పట్టుకుని గట్టు మీదికి ఎక్కించాడు. కసురుకోలేదు.

"ఏమైనా పడిందా?" అంది అక్క.

"ఎక్కడ? మీ తమ్ముడు తీసుకెళ్ళిన చోట నీళ్ళు తప్ప ఏం లేవు."

అక్క మొహం విప్పారింది. దాచుకుందామని చూసింది గాని దాగలేదు. భర్త భుజం మీద చెయ్యేసి, ఎండకి కందిపోయారంటూ తన పైట కొంగుతో ఆయన మెడ తుడిచింది. ఆయన వెనక నుంచి తమ్ముడి వైపు చూసి, ఆయనకు కనపడకుండా తల ఊపింది, ఎంత మేలు చేశావురా అన్నట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకి.

"పోనివ్వండి, పడకపోతే పడకపోయింది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దురు గాని. వీడున్నాడుగా మీకు తోడు," అంది. "ఏరా, తీసుకెళ్తావా?"

బావ నేలకేసి చూస్తున్నాడు. అక్క జవాబు కోసం నవ్వుతూ నిలబడింది.

"తీసుకెళ్తానక్కా," అన్నాడు సరంగు.